పరామర్శకి పట్టుకెళ్ళిన రవ్వలడ్లు

ఆ రోజుల్లో నాకు అమెరికా అంటే ఆఫీసు, అపార్ట్‌మెంటు, ఆదివారం తెలుగు చర్చి, ఆ మూడింటి మధ్యా రోడ్డు. పార్సిప్పనీ అనే ఊరొచ్చి పద్నాలుగు నెలలైనా ఒక్క అమెరికన్ ఇంటి గడప తొక్కలేదు. అందరూ ఆప్యాయంగానే పలకరించేవారు గానీ, "మా ఇంటికి రా" అన్న మాట మాత్రం ఎవరి నోటా వినలేదు. ఇంటిమీద బెంగ అని దానికి పేరు పెట్టుకున్నాను. నిజానికి నాకు కావలసింది మా ఇల్లు కాదు, ఎవరిదో ఒకరి ఇల్లు. (కుక్క ఉన్నా సర్దుకుంటాననుకునేదాన్ని. కుక్కలంటే నాకు చచ్చేంత భయం.)

అందుకే, ఆఫీసులో నా పక్క సీటు పెద్దావిడ (ఎండాకాలంలోనూ స్వెటర్ వదలదు కాబట్టి మాకు స్వెటరమ్మ) ఒక శుక్రవారం, "రేపు మధ్యాహ్నం ఈ ఇంట్లో ఉంటాను, వస్తావా? గోడల నిండా మంచి పెయింటింగ్స్ ఉన్నాయి" అంటూ కాగితం మీద అడ్రస్ రాసిచ్చేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆవిడ ఇంకా ఏదో చెప్పింది, శనివారాలు వాలంటీరుగా వెళ్తాననో ఏదో. వస్తావా అని అడిగాక మిగతాది నేను వింటేనా!

నా రూమ్మేట్ కరీంనగర్ అక్క. "ఉత్తచేతులతోని పోతమానె? నువ్వు లడ్డూలు చెయ్యి, నేను డ్రైవ్ చేస్త" అంది. చేశాను. గోడకేసి కొడితే గోడే పగిలేలా వచ్చాయి. అయినా ముచ్చటైన డబ్బాలో పెట్టి, రిబ్బన్ కట్టాను.

చెట్ల దారి చివర తెల్లటి పాతకాలపు మేడ, ముందు ఇరవై కార్లు. "మీ స్వెటరమ్మ గింత ఉన్నోళ్ళానె?" అని అక్క నోరు తెరిచింది. వరండాలో బూట్లు విప్పి, ఓ వారగా సర్ది, సాక్సులతో లోపలికి వెళ్ళాం. గుమ్మం దగ్గర ఒకాయన నెమ్మదిగా తలూపి చేతిలో ఓ కాగితం పెట్టాడు. దాని మీద ఒక ముసలావిడ ఫోటో. లోపల చాలామందే ఉన్నారు, ఒక్కరూ పైకి మాట్లాడట్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో గదిలోకీ వెళ్ళి, కాసేపు కదలకుండా నిలబడి, నిట్టూర్చి వస్తున్నారు. కుర్చీలకి అడ్డంగా తాళ్ళు కట్టారు. మా చర్చిలో ఎవరైనా పోతే ఇలాగే ఫోటోతో కాగితం పంచుతారు. అక్కకీ అదే తోచినట్టుంది.

"ఎవలో పోయిన్రే" అంది నా చెవిలో. "లడ్డూల డబ్బ దాపెట్టు."

డబ్బా అక్క చున్నీ వెనక్కి పోయింది. అప్పుడే స్వెటరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. దుఃఖంలో కూడా ఎంత నిబ్బరం, అనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో పరామర్శించి, "ఎప్పుడు పోయారు?" అని అడిగాను.

"ఆవిడా? నేను పుట్టకముందే!"

ఆ తర్వాత ఆవిడ చూపు మా సాక్సుల మీదికీ, చున్నీ కింద ఎత్తుగా ఉన్న డబ్బా మీదికీ వెళ్ళింది. పాపం పైకి నవ్వలేదు. భుజాలు మాత్రం అదిరాయి. ఇదొక మ్యూజియం అనీ, ఫోటోలో ఉన్నావిడ తను కొన్న బొమ్మలన్నీ ఇంటి నిండా తగిలించుకుని, తన తర్వాత వస్తువొక్కటీ కదల్చొద్దని వీలునామా రాసి పోయిందనీ చెప్పింది.

సిగ్గుతో మొదటి రెండు గదుల్లో నాకేమీ కనిపించలేదు. మూడో గదిలో ఒక నది బొమ్మ. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ బూడిదరంగు మరకలే. "వెనక్కి రా, ఇంకో రెండడుగులు" అంది స్వెటరమ్మ. వచ్చాను. మంచు, నీళ్ళు, దూరంగా ఓ పడవ. చాలా బాగుంది. అంత బాగున్న గదిలో కూర్చోమనే మనిషి లేదు కదా అనిపించింది. "మీ ఇల్లనుకున్నాను. ఇన్నాళ్ళకి ఒకళ్ళు పిలిచారనుకున్నాను" అనేశాను.

ఆవిడ తాడు కట్టిన కుర్చీకేసి చూసింది. "మాది ఒకే గదున్న అపార్ట్‌మెంటు. అక్కడికి ఎవరినీ పిలవను. రెండే కుర్చీలున్నాయి" అంది.

"కింద కూసుంటం, ఏమైతది?" అంది అక్క, ముందు తెలుగులో, ఆనక తేరుకుని ఇంగ్లీషులో.

మ్యూజియం మూసేశాక ఆవిడ కారు వెనకాలే వెళ్ళాం. ముగ్గురం కార్పెట్ మీదే కూర్చున్నాం. ఆవిడ లడ్డూని కాఫీలో నానబెట్టుకుని మరీ తిని, బాగుందంది. (అబద్ధమే. అయినా రెండు తింది.) "కింద నుంచి చూస్తే మా ఇల్లు ఇంత పెద్దదా!" అని ఆశ్చర్యపోయింది. చివరికి ఆవిడ లేవలేకపోతే చెరో చెయ్యీ పట్టి లాగాం. సోమవారం ఆఫీసులో తన ఫోన్ నా ముందు పెట్టింది. తెరమీద కొత్తగా కొన్న మూడో కుర్చీ ఫోటో.

ఆ ఏడాది ఆ కుర్చీలో ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో లెక్కలేదు. ఇప్పుడు మేం చెరో ఊళ్ళో, అక్క అల్ఫారెట్టాలో, నేను అరోరాలో. నన్నిప్పుడు ఇళ్ళకి పిలిచేవాళ్ళకి కొదవ లేదు. "కాలెండర్ చూసి చెప్తాను" అంటాను. చెప్పను. పిలుపు పూర్తిగా వినకుండానే లడ్డూలు చుట్టేసిన ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది.