బావ చెప్పకుండా వదిలేసిన పని

మొన్న మా తమ్ముడి కూతురు నర్సీపట్నంలో మా ఇంట్లోనే కూర్చుని, తన ప్రోగ్రామును అవతలి బృందానికి అప్పజెప్పే ముందు ఏది అయింది, ఏది కాలేదు, మిగిలింది ఎవరు చూడాలి అని నాలుగు లైన్లు రాసి పంపడం చూశాను. ఈ నాలుగు లైన్లే కదా అనుకునేసరికి ఇరవయ్యేళ్ల నాటి కోపం మళ్లీ రాజుకుంది.

మీలో ఆ రోజుల్లో కంప్యూటరు కోర్సు చేసినవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రోగ్రాములు బస్సుల్లో తిరిగేవి. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, విశాఖపట్నంలో ప్రోగ్రాము తయారుచేసి సీడీలో తెస్తే, అదే కంపెనీకి నర్సీపట్నంలో పనిచేసే నేను దాన్ని ఒక చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో ఎక్కించేదాన్ని. ఏ రైతు ఏ రోజు చెరుకు నరకాలో చెప్పే పర్మిట్లు అందులోంచే వచ్చేవి. పని ఎంతవరకు వచ్చిందో కాగితం మీద రాసివ్వాలని మా మేనేజరుగారి నియమం గానీ, బావామరదళ్ల మధ్య కాగితాలేంటని బావ నవ్వేసేవాడు, గట్టిగా అడగడానికి నాకూ మొహమాటమే.

ఒక పొద్దున్న బస్టాండులో సీడీ నా చేతిలో పెట్టి, "అంతా అయిపోనాది, బేగి ఎక్కించీ" అని తిరుగు బస్సెక్కేశాడు. ఎక్కించాను. రోలుగుంట వైపు రైతుల పేర్లు కొత్త ప్రోగ్రాములోకి మార్చే పని అసలు ముట్టుకోనే లేదని నాకేం తెలుసు? వారం రోజులు వాళ్లకు పర్మిట్లు రాలేదు, కోతకొచ్చిన చెరుకు చేలోనే ఎండింది, వాళ్లొచ్చి గుమ్మంలోనే నన్ను తిట్టిపోశారు. మేనేజరుగారు ఇద్దరినీ నిలబెట్టి అడిగితే బావ నేలచూపులు చూశాడే తప్ప నోరు విప్పలేదు. నన్ను ఆ పనిలోంచి తీసేసి టైపింగులో కూర్చోబెట్టారు. ఈ మనిషిని ఇదే గదిలో ఇలాగే నిలబెట్టకపోతే నా పేరు మార్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి సీజనుకి ఇంకో కొత్త ప్రోగ్రాము వచ్చింది. ఫ్యాక్టరీ పెద్దలకు చూపించే ముందు జాబితాలు సరిచూసే పని నాకొచ్చింది. ఎస్. రాయవరం వైపు ఒక ఊళ్లో రైతులందరికీ తప్పుగా ఒకే తేదీ పడుతోందని కనిపెట్టాను. బావ ఫోను చేసి, "ఏటి, సూసేవా? తప్పులుంటే సెప్పు" అన్నాడు. "అంతా అయిపోనాది బావా" అని ఫోను పెట్టేశాను. ఆ మాట అంటుంటే నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టుంది.

మర్నాడు అదే గదిలో పెద్దల ముందు ఆ ఊరి జాబితా తీసేసరికి బావ ముఖంలో రంగు పోయింది. నేను పనిగట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నిలబడి, కళ్లారా చూశాను. బావ ఉద్యోగం పోయింది. నా పని నాకు తిరిగొచ్చింది.

నేనే బాగుందన్నానని అతను చెబుతాడని, చెబితే కడిగిపారేయాలని, జవాబులన్నీ సిద్ధం చేసుకుని నెలల తరబడి ఎదురుచూశాను. ఎన్నాళ్లకో మేనేజరుగారు మాటల మధ్య చెప్పారు, బావ ఆ రోజే, జాబితాలు చూడటం అయిందా అని తాను నన్ను అడగనే లేదనీ, తప్పంతా తనదేననీ ఒప్పేసుకున్నాడట.

ఇప్పుడు ఎవరు ఎవరితో ఏమన్నారో నిమిషాలతో సహా తెర మీద నిలిచిపోతోంది. అప్పుడూ అలా ఉండి ఉంటే నా అబద్ధం ఆ పూటే బయటపడేది, ఇద్దరం బజారున పడి కొట్టుకుని, ఎప్పటికో మళ్లీ కలిసేవాళ్లం. ఈనాటికీ పెళ్లిళ్లలో ఎదురుపడితే బాగున్నావా అంటాడు, బాగున్నానంటాను. నన్ను పట్టివ్వనందుకు మాత్రం అతన్ని ఇంకా క్షమించలేదు.