సగం గేదె సరళకుమారి

ఢిల్లీలో జరిగిన ముఖ్య ఘట్టాలన్నిటికీ శిలాఫలకాలున్నాయి. ఒక్కదానికి మాత్రం లేదు. 2022 ఆగస్టు ఏడో తేదీ ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఎనిమిది నిమిషాలకు, బ్లూ లైన్ మెట్రో మూడో బోగీలో ఒక స్త్రీ తన ఎడమ చెవిని మొదటిసారి ఆడించింది. ఈ నాలుగు మాటలు ఆ లోటు తీర్చడానికే.

అది తలకున్న చెవి కాదు, ఫోనులో టైపు చేసిన చెవి. ఆ స్త్రీ పేరు సరళకుమారి. పుట్టింది ఆకివీడు దగ్గర, ఉండేది మయూర్ విహార్‌లో. ఇరవై రెండేళ్ళుగా ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు, ఇప్పుడు సర్జరీ వార్డుకు ఇన్‌ఛార్జి. ఆరు రోజులు వార్డు, ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం అడవి.

అడవి అంటే ‘అడవి దర్బారు’ అనే ఫోను గ్రూపు. ఢిల్లీలోనూ గురుగ్రామ్‌లోనూ ఉండే తెలుగువాళ్ళు కొందరు అందులో కలిసి కథ ఆడుకుంటారు. ప్రతివాళ్ళూ సగం మనిషి, సగం జంతువు. గ్రూపు పెట్టిన నవదీప్ ఒక సన్నివేశం ఇస్తాడు. తమ పాత్ర అప్పుడేం చేసిందో ఎవరికివాళ్ళు రాయాలి. నియమం ఒక్కటే: పాత్ర అన్న మాటతో పాటు దాని చెవో తోకో రెక్కో ఏం చేసిందో కూడా రాసి తీరాలి.

చేరినవాళ్ళు సింహాలను, డేగలను, నక్కలను పంచుకున్నారు. సరళకుమారి గేదెను కోరుకుంది. దీని మీద ఇంట్లో చర్చ జరిగింది.

“భైంస్? మమ్మీ, సీరియస్‌లీ?” అంది కూతురు ఎల్సా. తెలుగులో విని హిందీలో బాధపడటం ఆ పిల్లకు అలవాటు. “లోమ్డీ లే లో నా. క్యూట్ లగ్తీ హై.”

“నక్కల్ని రోజూ చూస్తూనే ఉన్నానమ్మా, డ్యూటీలు వేసేటప్పుడు.”

భర్త జాన్‌బాబు పేపరు దించాడు. “అయినా గేదేంటి సరళా? మనూళ్ళో చూసినవి చాల్లేదా?”

“గేదె రోడ్డు మధ్యలో కూర్చుంటే కార్లే పక్కనుంచి పోతాయండీ. నేను లిఫ్టులో నిలబడితే, సిస్టర్ జరుగు అంటారు.”

జాన్‌బాబు పేపరు మళ్ళీ ఎత్తాడు. ఆ ఇంట్లో సంధిపత్రం అంటే అదే.

అసలు కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. వార్డులో సరళకుమారిది ఇరవై రెండేళ్ళుగా ఒకటే ముఖం. రోగి బంధువులు పదకొండుమంది ఒకే మంచం మీద కూర్చున్నా, డాక్టరుగారు తనే రాయడం మరిచిన మందుకు ఆమెను కసిరినా, ఆ ముఖం కదలదు. కదలకూడదని నేర్పారు. గేదె ముఖమూ అంతే, కానీ గేదెకు తోక ఉంది. ‘అలాగే సార్, అని ఆమె వినయంగా అంది. తోక రెండుసార్లు విసిరింది.’ ఈ వాక్యం రాసిన రోజు ఆమె పాట పాడుతూ చపాతీలు చేసిందని జాన్‌బాబు సాక్ష్యం. సగం మృగమైతే తప్ప మనిషి పూర్తి నిజం చెప్పలేడని తత్వవేత్తలు ఎవరైనా అన్నారో లేదో తెలియదు. అనకపోతే ఆలస్యం చేశారు.

అయితే అడవిలోనూ గేదెకు దక్కిన మర్యాద అంతంతమాత్రం. గురుగ్రామ్‌లో ఒక కంపెనీ మేనేజరైన కిరీటి సగం సింహం. సొంతూరు వరంగల్. కథలో వాగు ఎప్పుడు పొంగినా అతనిది ఒకటే వ్యూహం: ‘అక్కా, జర వీపు వంచు, నేన్ దాటుత.’ రెండేళ్ళలో సింహం ఆమె మీదెక్కి పద్నాలుగు వాగులు దాటింది.

ఈ జనవరిలో నవదీప్ ఒక శాసనం వెలువరించాడు. కథలో జనం ఎక్కువయ్యారు. వార్షిక దర్బారులో అందరూ ఎదురెదురుగా కూర్చుని తలా మూడు నిమిషాలు తమ పాత్రను ఆడాలి. ఎవరు ఉండాలో ఓట్లు వేస్తారు. ఓట్లు రానివాళ్ళు అడవి వదిలి పట్నం పోయినట్టు రాసేస్తారు. ఆ పైన ఆమెకు విడిగా ఫోను కూడా చేశాడు.

“ఏమనుకోకండి ఆంటీ. గేదె ట్రాన్స్‌పోర్టుకి తప్ప కథకి పనికిరావట్లేదని ఫీడ్‌బ్యాక్ వచ్చింది.”

“అచ్ఛా,” అంది సరళకుమారి.

ఆ రాత్రి కూర మాడింది. గేదె పోతే ఆమెకు మిగిలేది ఆ కదలని ముఖమొక్కటే. మర్నాటి నుంచి ఒక వీరోచిత ప్రసంగం రాసుకుని, కూరగాయలు తరుగుతూ బట్టీ పట్టింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అందరూ అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం చేసి, దగ్గర్లోని ఒక గెస్ట్‌హౌస్ గదిలో దర్బారు తీర్చారు. సన్నివేశం యుద్ధభూమి. సింహానికి తొడలో బాణం దిగింది. కిరీటి తివాచీ మీద పడుకుని, “నాకేం గాలే. సింహం బిడ్డను,” అని గర్జించాడు. డేగ ప్రతీకారం గురించి మాట్లాడింది. చప్పట్లు పడ్డాయి.

సరళకుమారి వంతు వచ్చింది. పడుకున్న మనిషిని చూడగానే ప్రసంగం మొత్తం ఎగిరిపోయింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నాడి చూసింది, నీళ్ళు పట్టింది, తొడకు తన చున్నీ కట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. మూడు నిమిషాలు కాగానే నవదీప్ గంట కొట్టాడు.

పొరపాటు అక్కడ జరిగింది. ఇరవై రెండేళ్ళుగా గంట కొడితే ఆమెకు ఒకటే అర్థం: డ్యూటీ మారింది, వచ్చినవాళ్ళకు రోగిని అప్పజెప్పాలి. తర్వాతి వంతు తేజశ్రీది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదువుతున్న సగం నెమలి. సరళకుమారి ఆ అమ్మాయివైపు తిరిగింది.

“విను తేజశ్రీ. పేషెంటు సగం సింహం, మగ, నలభై ఒకటి. ఎడమ తొడలో బాణం, రక్తం ఆగింది. నీళ్ళు రెండుసార్లు అడిగి తాగాడు. మనిషి భాగం నొప్పి లేదంటోంది, అది నమ్మకు. తోక చూడు, కాళ్ళ మధ్యకి పోయింది. భయపడుతున్నాడు. గర్జిస్తే గర్జించనీ, చెయ్యి మాత్రం వదలకు. వాగు దాటించాలంటే స్ట్రెచరు తెప్పించు, ఎవరి వీపూ ఎక్కించకు. నాది అయిపోయింది, నేను వెళ్తున్నా.”

“ఓకే సిస్టర్,” అంది తేజశ్రీ. తను ఆడాల్సిన నెమలి నాట్యం సంగతి మరిచిపోయి వెళ్ళి కిరీటి చెయ్యి పట్టుకుంది.

తివాచీ మీది సింహం నెమ్మదిగా తల ఎత్తింది.

“అక్కా, తోక సంగతి నీకెట్ల తెలిసింది?”

“అందరికీ ఉంటుంది నాయనా. దుప్పటి కింద పెట్టుకుంటారు.”

అప్పుడు లేచింది నవ్వు, దాని వెనకే చప్పట్లు. అందరికంటే ముందు చీటీ అడిగి తీసుకున్నది కిరీటే. “నా ఓటు గేదెకే. ఇగ నేన్ ఈతే కొడ్త,” అన్నాడు. డేగ రెక్కలు ముడిచి లేచి నిలబడింది. నవదీప్ చీటీలు విప్పి, గొంతు సవరించుకుని, ఆంటీ అనడం మాని, “సరళకుమారి గారు,” అని మొదలుపెట్టాడు. గేదె అడవిలోనే ఉంటుందనీ, అంతటి మెజారిటీ దర్బారు చరిత్రలో లేదనీ ప్రకటించాడు.

మొత్తం పడిన ఓట్లు ఏడు.