బగ్గీ పోగా మిగిలిన చోటు

మొన్న సాయంత్రం ఛత్రినాకలో ఒక బారాత్ వెనక చిక్కుకుపోయాను. జనరేటర్ మొరాయించింది. బ్యాండు వాళ్లు బాజాలు చంకన పెట్టుకుని చెమట తుడుచుకుంటున్నారు. దీపాలు లేవు, పాట లేదు. పెళ్లికొడుకు ఎక్కిన తెల్లగుర్రం మాత్రం బరువును ఎడమకాలి మీద నుంచి కుడికాలి మీదికీ, మళ్లీ ఎడమకాలి మీదికీ మార్చుకుంటూ, మెడ ఊపుతూనే ఉంది. నా బండి పక్కన ఆటోలో ఉన్నాయన ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ, "మ్యూజిక్ లేకున్నా స్టెప్పులేస్తుంది చూడు భాయ్, ఏం గుర్రం!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఎవరిదో గుర్రం, ఏమని చెప్పను? సొంత చిన్నాయనకే చెప్పి ఒప్పించలేకపోయాను.

మా చిన్నాయనది పురానాపూల్ దగ్గర పెళ్లిగుర్రాల వ్యాపారం. తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి, రెండూ ఆడగుర్రాలే. వాటితో పాటు ఒక బగ్గీ. ఇంటి వెనక రేకుల కొట్టం. నేనేమో పాలిటెక్నిక్ చదివి, ఫ్యాక్టరీలకు లేఅవుట్లు గీసే పనిలో ఉన్నాను. ఏ మెషిన్ ఎక్కడ నిలబెట్టాలి, దాని చుట్టూ ఎంత జాగా వదలాలి, అదీ నా ఉద్యోగం. అలవాటు కొద్దీ ఒక ఆదివారం కొట్టాన్ని కూడా టేపుతో కొలిచాను. సగానికి పైగా బగ్గీదే. మఖ్మల్ సీట్లు, బంగారు రంగు నెమళ్లు, మీద గొడుగు. మిగిలిన చోటును మధ్యలో ఒక ఇటుక గోడ రెండు చేసింది. గోడకు ఇవతల తెల్లది, అవతల ఎర్రది. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నా అవి ఒకదాని ముఖం ఒకటి చూసుకునేది పెళ్లిళ్లలోనే. తెల్లదానికి అటు నుంచి ఇటు తిరగడానికి చోటు చాలదు. బయటికి తేవాలంటే లారీని రివర్స్ తీసినట్టు వెనక్కి నడిపించాలి. పడుకుంటే మళ్లీ లేవడానికి కాళ్లు చాపుకునే వీలు లేదు. అందుకని అది పడుకునేదే కాదు.

నిలబడినచోటే ఊగేది. గోడ వైపు చూస్తూ, గంటలకొద్దీ. చిన్నాయన లెక్కలో అది డాన్సు, ఆయనకు మహా గర్వం. "మేం నేర్పలే. దానికదే నేర్సుకుంది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఉస్మాన్‌గంజ్ సేట్ల ఇళ్ల నుంచి ఫోన్ చేసి, "ఆడే గుర్రమే కావాలె" అని అడిగేవారు.

ఒకసారి తెల్లదాని కాళ్లు వాస్తే పశువుల డాక్టరమ్మ వచ్చింది. మందు రాసిచ్చి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. "ఇది డాన్స్ కాదండీ. కదలనీయకుండా, తోడు లేకుండా కట్టేస్తే కొన్ని గుర్రాలకు ఈ అలవాటు పట్టుకుంటుంది. జాగా పెంచలేకపోతే, ఉన్న జాగాలోనే కొంత సుఖపెట్టండి" అంది. ఆమె గల్లీ దాటకముందే చిన్నాయన తీర్పు చెప్పాడు. "డాక్టరమ్మకు బారాత్ గురించి ఏం ఎరుక?"

నాకు మాత్రం లెక్క తేలిపోయింది. గోడ తీసేస్తే తోడు. బగ్గీ జరిపితే పడక. మేతను ఒక్కసారిగా పడేయకుండా వలసంచిలో కట్టి వేలాడదీస్తే, అది రోజంతా కొంచెం కొంచెంగా లాక్కుని తింటుంది. రోజూ పొద్దున మూసీ ఒడ్డున ఖాళీ జాగాలో తిప్పితే నడక. నాలుగూ చేయదగినవే. అడ్డమల్లా బగ్గీయే.

"చిన్నాయనా, బగ్గీని బయట గల్లీలో పెడదాం."

"వానకు మఖ్మల్ ఖరాబైతది రా."

"టార్పాలిన్ కప్పుదాం."

"పోరగాండ్లు నెమలి తోకలు ఇరుస్తరు."

"మరి గుర్రం సంగతేంది?"

"గుర్రం తోక ఎవడు ఇరుస్తడు?"

ఈ వాదన వారాల తరబడి నడిచింది. చివరికి వంటింటి కిటికీలోంచి చిన్నమ్మ అరిచింది. "బగ్గీకి కాళ్లు నొస్తయా ఏంది? తీసి బయట పడెయ్యుండ్రి! దినాం ఆ గుర్రాన్ని జూసి జూసి నాకు కాళ్లు గుంజుతున్నయ్." ఆ ఇంట్లో చిన్నమ్మ మాట మీద అప్పీలు లేదు. బగ్గీ బయటికి వెళ్లింది. గోడ పడింది. కింద మందంగా గడ్డి పరిచాం, మేత వలసంచి కట్టాం, పొద్దున మూసీ ఒడ్డున తిప్పడం మొదలుపెట్టాం. ఎర్రది వచ్చి తెల్లదాని మెడ మీద పళ్లతో గోకడం మొదలుపెట్టింది, ఎన్నాళ్ల నుంచో ఆ పని బాకీ ఉన్నట్టు.

కొన్నాళ్లకు ఒక పొద్దున చిన్నాయన కేకకు గల్లీ అంతా లేచింది. "తెల్లది సచ్చిందిరో!" నేను పరుగెత్తి వెళ్లేసరికి అది పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి, నోరు కొంచెం తెరిచి పడుకుని ఉంది. మా లొల్లికి ఒక కన్ను తెరిచి, విసుగ్గా చూసి, మళ్లీ మూసుకుంది. ఇన్నేళ్లుగా దాన్ని సాకుతున్న మనిషి అది పడుకోగా చూడటం అదే మొదలు. దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. చేతిలో చాయ్ చల్లారిపోయింది. అప్పుడు గెలిచాననుకున్నాను.

ఊగడం తగ్గింది. తరువాత ఆగింది. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్ల సీజన్ మొదలైంది.

ఉస్మాన్‌గంజ్‌లో బారాత్. బ్యాండు చెవులు పగిలేలా వాయిస్తోంది. మా తెల్లది నాలుగు కాళ్ల మీద నిమ్మళంగా నిలబడి, మెడ తిప్పి, పెళ్లికొడుకు మెడలోంచి వేలాడుతున్న బంతిపూలదండను నమలడం మొదలుపెట్టింది. చిన్నాయన కళ్లెం లాగాడు, అదిలించాడు, బతిమాలాడు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు. "ఏందన్నా, గుర్రం తెచ్చినవా, గుర్రం ఫోటో తెచ్చినవా?" జనం నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. ఆ వారంలో ఒకరి తరువాత ఒకరు బుకింగ్ వద్దన్నారు.

"నీ ఇంజినీరింగుతోని నా గుర్రం కళ పోయింది" అన్నాడు.

"అది బాగైంది చిన్నాయనా."

"బాగైతే ఎందుకు ఆడ్తలేదు?"

ఎన్ని విధాల చెప్పినా మళ్లీ అక్కడికే వచ్చేవాడు. చివరికి మెత్తగా, "అది ఆడకుంటే దానికి గడ్డి ఏడికెళ్లి తెస్త బిడ్డా?" అన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చిన్నమ్మ కూడా ఈసారి కిటికీ దగ్గరికి రాలేదు. బగ్గీ లోపలికి వచ్చింది. గోడ స్థానంలో చెక్కలు కొట్టారు. మూసీ ఒడ్డు జాగాలో ఎవరో లారీలు నిలబెట్టుకుని గొలుసు కట్టారు. నా నాలుగింట్లో మిగిలింది మేత వలసంచి ఒక్కటే.

తరువాత ఒకరోజు ఆఫీసులో ఉండగా చిన్నాయన ఫోన్. గొంతులో పండుగ. "ఒరేయ్, మల్ల ఆడుతుంది రా! పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ ఊగుతుంది. నువ్వు ఊకె ఫికర్ చేస్తివి గని, దానికి తబియత్ మంచిగైంది. మాపటికి మిఠాయి తెస్త, ఇంట్లనే ఉండు!"

తెచ్చాడు. తన చేత్తో నా నోట్లో పెట్టాడు. ఆ చెక్కలు తీసేద్దామంటే, "సీజన్ అయిపోనియ్ రా, చూద్దాం" అన్నాడు. అప్పటి నుంచి సీజన్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య మనం ఊపిరి తీసుకుంటాం, వాయిదాలు వేసుకుంటాం. నిలబడి ఉన్న గుర్రానికి మాత్రం అవన్నీ కలిసి ఇంకా పూర్తికాని ఒకే పొడుగాటి రోజు.