పనసచెట్టు నీడన

దర్జీ అత్తయ్యకు గుడ్డయినా, ఆకయినా వేళ్ల మధ్య నలిపి చూస్తే గానీ నమ్మకం కుదరదు. పెరట్లో పనసచెట్టు కింద ఆవిడ నాటిన గులాబీలన్నీ ఎండ తగలక వరసగా కుళ్లిపోయాయి.

"కొమ్మలు కొట్టించేద్దాం అత్తయ్యా, నాలుగు పువ్వులన్నా పూస్తాయి," అంది కోడలు.

ఆ నీడే లేకపోతే కుట్టుగది కొలిమైపోతుంది! అనుకుంది అత్తయ్య. మెడలో టేపుతోనే నర్సరీకి పరుగెత్తింది. "ఎండ తగలకపోయినా, ఈ ఉక్కలో బతికేవి ఇవ్వు బాబూ," అని అడిగి, ఆకాకూ తడిమి ఫెర్ను మొక్కలూ, తెల్లగా పూసే పీస్ లిల్లీలూ తెచ్చి నాటింది.

వానలు తగ్గేసరికి చెట్టుకింద పచ్చగా గుబురు కట్టి, తెల్లపూలు విచ్చుకున్నాయి. కోడలు కుర్చీ తెచ్చి అక్కడే వేసుకుంది.

"కొమ్మలు కొట్టేవాణ్ణి పిలవనా?" అత్తయ్య అమాయకంగా అడిగింది.

"అయ్యో, వద్దత్తయ్యా! పాపం, పూలు మాడిపోవూ?"

అత్తయ్య నవ్వాపుకోలేక మిషను దగ్గరికి వెళ్లిపోయింది.