చేను గట్టున తునికి మొలకలు

నర్సంపేట నుంచి అడవి వైపు పోయే దారిలో, ఎర్రగుట్ట కింద ఒక నర్సరీ ఉంది. రాజేశ్వరి అందులో ఇరవై రెండేళ్లుగా కూలి చేస్తోంది. తక్కిన ఆడవాళ్లు సంచుల్లో మట్టి నింపుతారు, నీళ్లు పోస్తారు. ఆమె పని వేరు. గింజలు తేవాలి. ఎండాకాలం తెల్లవారుతుండగానే గుట్టెక్కి, గుడ్డెలుగు పెంట ఎక్కడుందో వెతికి, పుల్లతో విప్పి, అందులోని తునికి గింజలూ రేల గింజలూ ఏరి, వాగులో కడిగి కొంగున కట్టుకొని దిగేది.

చెట్టు కింద ఏరిన గింజలు పదింటికి మూడు మొలిస్తే, ఎలుగు కడుపులోంచి వచ్చినవి ఏడు మొలుస్తాయని ఆమె చెప్పినప్పుడు అందరూ ముక్కు మూసుకొని నవ్వారు. మొలకలు లేచాక ఎవరూ నవ్వలేదు. నర్సరీ చూసుకునే ఫారెస్టు ఆఫీసర్ సుదర్శన్ మాత్రం రోజూ అడిగేవాడు. "రాజేశ్వరమ్మా, మీ దోస్తు ఇయ్యాల ఏమన్న ఇచ్చిండా?"

ఆ దోస్తును ఆమె కళ్లారా చూసింది రెండుసార్లే. రెండుసార్లూ అది వాగు అవతల నిలబడి గాలి వాసన పట్టి, తన దారిన తాను పోయింది.

రాజేశ్వరికి పరకాలలో పెళ్లయింది. నాలుగేళ్లకే భర్త పోతే తమ్ముడు రాంచందర్ ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. తల్లి చనిపోయినప్పుడు వాడికి ఏడాదిన్నర. ఎత్తుకొని పెంచింది అక్కే. అందుకే వాడు తన ఇంటి పక్కన ఆమెకు ఒక అర్ర కట్టించాడు, ఏనాడూ ఒక మాట అనలేదు.

పోయినేడాది ఏప్రిల్‌లో గుట్ట మీద ఏదో మారింది. మొదట బండల మీద పునుగుపిల్లి పెంట కనిపించడం మానేసింది. ఆ పిల్లి రాత్రంతా పండ్లు తిని, ఎప్పుడూ అవే బండల మీద గింజలు వదిలేది. వారం తర్వాత ఎలుగు జాడ కూడా లేదు. తునికి పండ్లు రాలినవి రాలినట్టే పడి ఉన్నాయి. పచ్చగా పగిలి, చీమలు పట్టి, పులిసిన కల్లు వాసన కొడుతున్నాయి. అన్నేళ్లలో ఆ చెట్ల కింద పండు కుళ్లడం ఆమె చూడలేదు. పొద్దెక్కినా గుట్ట మీద ఏ చప్పుడూ లేదు. తన అడుగుల చప్పుడుకు తానే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ సాయంత్రం రాంచందర్ అన్నాడు. "అక్కా, గుట్టకు మన చేను దారిన పోకు. పాములు తిరుగుతానయి."

ఆ మాట అంటూ వాడు ఆమె ముఖం వంక చూడలేదు. మరదలు కావ్య అన్నం పళ్లెం ముందు పెట్టుకొని కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తలేదు. రాజేశ్వరి మరునాటి నుంచి చుట్టు దారిన పోయింది.

వానలు పడ్డాయి. జూలైలో పత్తి చేనులో కలుపు తీయడానికి కావ్యతో పాటు వెళ్లింది. గట్టు మీద, కుక్కలు తవ్వినట్టున్న చోట, చాటంత జాగాలో ముప్పై నలభై మొలకలు ఒకదాన్నొకటి ఒరుసుకొని లేచి ఉన్నాయి. తునికి మొలకలు. మధ్యమధ్య రేల. ఆ చుట్టుపక్కల ఒక్క తునికి చెట్టు లేదు. అన్ని గింజలను అంత గుంపుగా ఒకేచోట పెట్టగలిగేది ఏదో ఆమెకు తెలుసు. అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత కొడవలి కొనతో మట్టి తీసింది. జానెడు లోతులోనే నల్లటి ముతక వెంట్రుకలు, ఒక గోరు.

రాంచందర్ మందు డబ్బా వీపున వేసుకొని వస్తూ ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడు?" అంది.

"ఏంది అక్కా?"

"అడిగినదానికి చెప్పు."

"పందుల కోసం కరెంటు తీగ పెట్టిన. యాసంగి మక్కజొన్న సగం తొక్కినయి. పొద్దుగాల వచ్చి చూస్తే గిది పడి ఉన్నది. కడుపు నిండ తిని వచ్చినట్టున్నది. గీడనే పాతిపెట్టిన. నాకేం ఎరుకనే, అక్కా!"

"ఎన్ని దినాలు పెట్టినవ్ తీగ?"

"నెల దాక."

"గీ దారిన నేను రోజు పోతనని ఎరుకేనా?"

"అందుకే పోవద్దన్న గదా."

వాడు పోవద్దన్నది ఎలుగు చచ్చిన తర్వాత. అంతకుముందు నెల రోజులు ఆమె మసక వెలుగులో, చెప్పులు లేకుండా, కరెంటున్న తీగకు మూరెడు దూరంలో నడిచింది. వాడికి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు తట్టినట్టుంది. డబ్బా దించి నేల మీద చతికిలబడ్డాడు.

మూడు రోజులు రాజేశ్వరి నర్సరీకి పోలేదు. మూడోరోజు కావ్య అర్ర గుమ్మంలో నిలబడింది.

"వదినె, ఎవలకు చెప్పకు. జైల్ల ఏస్తరు. నువ్వు పెంచిన తమ్ముడే గదా."

"తీగ ఏడున్నది?"

కావ్య చూపు పశువుల కొట్టం మీదికి పోయింది. రాజేశ్వరి వెళ్లి చూసింది. తీగను శుభ్రంగా చుట్ట చుట్టి, తుప్పు పట్టకుండా నూనె రాసి, గోనెసంచిలో పెట్టి ఉంది. మళ్లీ మక్క వేసే నాటికి సిద్ధంగా.

ఆ మధ్యాహ్నమే ఆమె సుదర్శన్ దగ్గరికి పోయి చెప్పింది. రాంచందర్ ఇరవై రోజులు వరంగల్ జైల్లో ఉండి, బెయిలు మీద వచ్చాడు. వచ్చేసరికి రాజేశ్వరి సామాను కావ్య గుమ్మం బయట పెట్టి ఉంచింది. వాడు దాన్ని దాటుకొని లోపలికి పోయాడు. ఇప్పుడు రాజేశ్వరి నర్సరీ వెనకాల రేకుల గదిలో ఉంటోంది.

గట్టు మీది మొలకల్ని మట్టిపెళ్లతో సహా తీసి సంచుల్లో పెడితే పందొమ్మిది బతికాయి.

ఈ ఏడాది కూడా తునికి పండ్లు పడ్డచోటే కుళ్లాయి. ఆమె వాటినే ఏరి, గుజ్జు పిసికి, గింజలు బుట్టలో వేసుకొని గుట్టంతా చల్లుకుంటూ పోయింది. ఎలుగు ఒక్క రాత్రిలో తిరిగే మేర చల్లడానికి ఆమెకు వారం పట్టింది. వానల తర్వాత వెళ్లి చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. ఏరగా చెట్ల నీడన మిగిలినవి మాత్రం గుంపుగా మొలిచి, మొలిచినవి మొలిచినట్టే పసుపు పచ్చబడి ఎండాయి.

మొన్న గుట్ట అవతలి వైపు దిగినప్పుడు, పొరుగూరి మక్కచేను చుట్టూ కొత్తగా పాతిన వెదురు మేకులు కనిపించాయి. ఒక్కో మేకు మీద ఒక సీసా మూతి బిగించి ఉంది, కరెంటు తీగ ఆన్చడానికి. ఆమె సుదర్శన్‌ను వెంటబెట్టుకొని వచ్చేసరికి మేకులు లేవు, వరుసగా గుంటలే ఉన్నాయి. వాటిలోని మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. చేను లోపల ఎవరో దగ్గారు. ఎవరని సుదర్శన్ రెండుసార్లు పిలిచినా పలకలేదు.