గుండుసూదులక్క దాచిన పన్ను

బడిలో ఫొటో తీసిన రోజున ఫొటోగ్రాఫరు ఒక ఎనిమిదేళ్ల పిల్లను ముందు వరుసలోంచి లేపి, "నువ్వు వెనక్కి పోమ్మా. నోరు మాత్రం తెరవకు" అన్నాడు. రెండు ముందుపళ్ల నడుమ మేకులా మొలిచిన మూడో పన్నే ఆమె చేసిన నేరం. పక్కనున్న పంతులమ్మ విననట్టే ఊరుకుంది. పిల్ల పెదాలు బిగించి వెనక్కి నడిచింది. ముప్పయ్యేళ్లయినా ఇంకా ఆ వెనక వరుసలోనే ఉంది.

ఇప్పుడామె బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పనున్నా లేకున్నా పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించుకుని కూర్చుంటుంది. సూదులుంటే ఎవరూ పలకరించరు, నవ్వించరు. వీధంతా ఆమెను గుండుసూదులక్క అంటుంది.

కూతురికి తొమ్మిదో ఏడు నడుస్తోంది. పై వరుసలో ఒక ముందు పన్ను వచ్చి ఏడాది దాటింది. దాని జత రాలేదు సరికదా, ఆ చోట చిగురు శనగగింజంత ఉబ్బింది. తన మూడో పన్నే కూతురికీ వస్తోందనుకుంది తల్లి. డాక్టరుకు చూపించాల్సింది పోయి, మిగిలిన యూనిఫారం గుడ్డతో చేతిరుమాలు కుట్టి ఇచ్చింది. "నవ్వొస్తే ఇది అడ్డం పెట్టుకో తల్లీ." బడికి పళ్ల డాక్టరు వచ్చిన రోజున జ్వరమని చీటీ రాసి పిల్లను ఇంట్లోనే ఉంచేసింది.

ఆ సాయంత్రమే బడి ఆయా కుట్టిన బట్టల కోసం వచ్చింది. వాకిట్లో పిల్ల తాడాట ఆడుతోంది.

"ఇదేం జ్వరమే, గంతులేసే జ్వరం! ఏదీ, నోరు తెరువు, నాలుక చూస్తాను."

పిల్ల గబుక్కున రుమాలు అడ్డం పెట్టుకుంది. "అమ్మ తెరవొద్దంది."

ఆయా రుమాలు పక్కకు తీసి చూసింది. గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు తిరిగింది. "నీ నోరు నువ్వు కుట్టుకున్నావు, సరే. దాని నోరెందుకు కుడుతున్నావే?"

గుండుసూదులక్క తల వాలిపోయింది. ఫొటోగ్రాఫరు తన కూతురికి ఎక్కడో ఎదురవుతాడని ఇన్నాళ్లూ భయపడింది. తీరా చూస్తే అతగాడు తనే.

మర్నాడు పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించింది. "ఇదిగో, అదనపు పన్ను అడ్డంగా పడుకుంది. పక్కనే చిన్న గడ్డ, అందులో బియ్యపు గింజల్లా బుల్లి పళ్లు. తీశాక పరీక్షకు పంపుతాం గానీ, ఇది ప్రాణం తీసే గడ్డ కాదమ్మా. రెండూ తీసేస్తే అసలు పన్నుకి దారి దొరుకుతుంది. కాస్త ఆలస్యమైంది, తీగ వేసి ఆ పన్నును కిందికి లాగాల్సి రావచ్చు. నిన్న బడిలో మేం చూసినప్పుడు చెప్పలేదా?"

గుండుసూదులక్క పెదాల మధ్య ఇప్పుడు సూదులు లేవు. నోరు తెరవక తప్పలేదు. "నేనే దాచాను డాక్టరమ్మా. సిగ్గేసి."

డాక్టరమ్మ నవ్వలేదు. కూతురే తల్లి నోటికేసి చూసి అడిగింది: "మరి నీది ఎవరూ తీయించలేదేంటమ్మా?"

"చూసి నవ్వినవాళ్లేనే. చూపించినవాళ్లు లేరు."

ఆ గదిలో ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. కానీ సిగ్గుపడాల్సింది ఆమె ఒక్కతేనా? మీ ఇంట్లో పిల్లలుంటే ఇవాళే నోరు తెరిపించి చూడండి. ఒక ముందు పన్ను వచ్చి ఆరు నెలలైనా దాని జత రాకపోతే, చిగురు ఉబ్బితే, పళ్ల డాక్టరుకు చూపించండి. ఇక ఈసారి బడి ఫొటోలో ఎవరైనా ఒక పిల్లను వెనక్కి పొమ్మంటే, దయచేసి విననట్టు ఊరుకోకండి.