మైక్ టెస్టింగ్ పాట

ఆ రోజుల్లో ఒక పాటని ఎంతమంది విన్నారో చెప్పే అంకె ఎక్కడా కనిపించేది కాదు. కాబట్టి తన పాటని లోకమంతా వింటోందని ఎవరైనా హాయిగా అనుకోవచ్చు. మా గిటార్ బావకి ఆ హాయి కూడా దక్కలేదు, లెక్క చెప్పడానికి పక్కనే నేనున్నాను మరి. హైదరాబాద్‌లో రాక్ బ్యాండ్‌లో వాయించినన్నాళ్ళూ కాలేజీ కుర్రాళ్ళు ఊగిపోయేవారట. గొడవపడి బయటికొచ్చి, ఒక్కడే పాటలు కట్టి, పాడి, క్యాసెట్ చేసేసరికి ఆ ఊగేవాళ్ళంతా బ్యాండ్ వైపే ఉండిపోయారు. అమలాపురం క్యాసెట్ షాపులో బావ క్యాసెట్లకి దుమ్ము దులిపే గుడ్డ తప్ప మరో చెయ్యి తగల్లేదు.

నేనప్పుడు కొత్తపేటలో మా బాబాయి మైక్ సెట్‌లో పనిచేసేవాణ్ణి. పదో తరగతి దాటకపోయినా వాట్లూ ఓములూ సొంతంగా నేర్చుకుని, ఏ పందిరికి ఎన్ని బాక్సులు చాలునో సుద్దముక్కతో బాక్సు మీదే లెక్కగట్టేవాణ్ణి (తప్పితే తడిగుడ్డ ఉండనే ఉంది). బాబాయికి బావ క్యాసెట్ అంటే ప్రాణం. మొదటి పాటలో ముందు బేస్, తర్వాత డ్రమ్స్, ఆపైన గిటార్ కీచుమనడం. బాక్సులో ఏది చెడినా నిమిషంలో తెలిసిపోయేది. తెలియగానే టక్కున ఆపేసి అసలు పాటలు వేసేవాడు. ఆ విధంగా చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, బాప్తిస్మం విందుల్లో ఆ నిమిషం మోగని చోటు లేదు. అది పాట అని మాత్రం ఎవరికీ తెలియదు.

"నేను నోరు తెరిచేలోపే మీ బాబాయి మూసేస్తున్నాడ్రా," అన్నాడు బావ ఒకరోజు. "ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా వింటే ఈ గిటార్ ఉంచుకుంటాను. లేదా, అమ్మేసి మా నాన్న కొబ్బరి కొట్లో కూర్చుంటాను."

రాజోలు దగ్గర ఒక పెళ్ళికి బాబాయి కొత్త బాక్సులు దించాడు. నాకు ఉపాయం తట్టింది. "కొత్త బాక్సు బిగుసుకుని ఉంటుంది బాబాయ్, వదులవ్వడానికి ఇన్ని వాట్లకి ఇన్ని నిమిషాలు మోగించాలి," అని సుద్దముక్కతో గుణించి చూపించాను. వచ్చిన జవాబు, ఏం చిత్రమో, సరిగ్గా క్యాసెట్‌లో ఒక వైపంత. "ఆయ్, లెక్క నువ్వేశాక నేనేమంటాను," అన్నాడు బాబాయి.

పంచిన శుభలేఖల్ని బట్టి ఎంతమంది వినబోతున్నారో కూడా ముందే బావకి చెప్పేశాను. బావ గిటార్ భుజాన వేసుకుని పందిరి గుంజ పట్టుకు నిలబడ్డాడు. రెండో పాట సగంలో పెళ్ళికొడుకు మేనమామ వచ్చారు.

"ఏంటండీ, ఇంకా టెస్టింగేనా? పాటలెప్పుడేస్తారు?"

"ఇది పాటేనండీ," అన్నాను నేను.

"పాటేనా! చెప్పేరు కాబట్టి సరిపోయింది."

ఆ వైపు అయిపోగానే జనం బాబాయిని చుట్టుముట్టారు. "బాక్సులు అదిరిపోయేయండీ! మా అమ్మాయి పెళ్ళికి ఇవే పంపాలి." బావ నా చెవిలో, "గిటార్ కొనేవాడెవడైనా ఉన్నాడేమో చూడరా," అన్నాడు.

అంతలో వంటపందిరిలోంచి, గుత్తివంకాయలు కోస్తున్న ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రెండో వైపు తిప్పరేంటి బాబూ?"

"వింటారాండీ?" అన్నాడు బావ, నమ్మలేక.

"వినకపోతే అడుగుతానా? ఆ పాటల్లో అబ్బాయి అలిగి ఇల్లొదిలేసి పోయేడు కదా. మళ్ళీ ఇంటికొచ్చేడో లేదో తెలియొద్దూ?"

బాబాయి అప్పటికే పెళ్ళిపాటలు మొదలెట్టేశాడు. బావ క్యాసెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేసింది. "మా ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు బాబూ."

బావ ఆవిడ వెనకే వెళ్ళి, బియ్యం బస్తా మీద కూర్చుని, గిటార్ తీశాడు. నేను యాంప్లిఫయర్ వదిలి కదలడానికి లేదు. దూరం నుంచి వాళ్ళిద్దరి తలలే కనిపించాయి. ఒకసారి ఆవిడ కత్తిపీట మీద చెయ్యి అలాగే ఆపేసింది. (నా అంచనాలో వంటపందిరి లేనే లేదు. వంటవాళ్ళకి శుభలేఖలివ్వరు కదా.)

బావ గిటార్ అమ్మలేదు. కొబ్బరి కొట్లో మాత్రం కూర్చున్నాడు. నా లెక్క ప్రకారం ఈ రెండిట్లో ఒకటే జరగాలి. ఉన్న క్యాసెట్లన్నీ బూజుపట్టి పోయాయి కాబట్టి, ఇప్పటికీ అప్పుడప్పుడు కొట్టుకి వెళ్ళినప్పుడు, "ఇంతకీ ఆ అబ్బాయి ఇంటికొచ్చేడా బావా?" అని అడుగుతుంటాను. ఆయన కాయలు ఏరుతూ, తలెత్తకుండానే నవ్వుతాడు.

"పక్కనే ఉన్నావు కదరా, వినుంటే తెలిసేది."